చిటికెడు వంటింట్లో గుప్పెడు పొగ

మా ఇంట్లో రెండు వంటిళ్లున్నాయి. మొదటిదాంట్లో కుళాయి కారుతోందని, ఏదో ఒకటి చెయ్యమని మా ఆవిడ నాలుగు నెలలుగా చెబుతోంది. రెండోదాంట్లో కుళాయి కారుతున్నట్టు కనిపించాలని నేను నాలుగు నెలలుగా తంటాలు పడుతున్నాను. మొదటిది మేం వండుకునేది. రెండోది బొమ్మరింట్లోది.

బొమ్మరిల్లంటే పిల్లలు ఆడుకునేది కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే చూసిన ప్రతివాళ్లూ "పాపకా?" అని అడుగుతారు. మా పాపకి పంతొమ్మిదేళ్లు. ఇది పెద్దవాళ్ల పిచ్చి, దీనికి లెక్కలుంటాయి. అసలు ఇంట్లో అడుగు ఉన్నది ఇక్కడ అంగుళం. తొమ్మిదడుగుల గోడ తొమ్మిదంగుళాలు, ఐదున్నర అడుగుల వంటమనిషి ఐదున్నర అంగుళాలు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ పొడవు పన్నెండో వంతయితే లోపల పట్టేది 1728వ వంతు. లీటరు గిన్నెలో పట్టే నీళ్లు నా గిన్నెలో పదీ పన్నెండు చుక్కలు. చాకిరీ ఒక్కటే ఏ వంతుకీ తగ్గదు.

ఏ కాలపు వంటిల్లు కట్టాలన్నది మొదటి ప్రశ్న. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు వంటిల్లయితే చూడముచ్చటగా ఉంటుందనుకున్నాను. గోడలో సగం ఆక్రమించే నల్లటి పోత ఇనుప పొయ్యి, వరసగా వేలాడే రాగి గిన్నెలు, రాతిపలకల నేల, పింగాణీ పళ్లేలు పేర్చిన చెక్క అలమర. ఆవిడ 1837 నుంచి 1901 దాకా ఏలింది కాబట్టి ఎంచుకోవడానికి బోలెడు ఏళ్లున్నాయి. నేను 1870 తీసుకున్నాను. తప్పంతా అక్కడే జరిగింది.

స్వాన్, ఎడిసన్‌ల బల్బులు జనం కళ్లబడింది 1879 ప్రాంతంలో. అంటే 1870 నాటి నా వంటింట్లో కరెంటు ఉండకూడదు. నూనె దీపం, కొవ్వొత్తి, పొయ్యిలో నిప్పు, ఇంతే వెలుతురు. వీటిని నిజంగా వెలిగిద్దామా అంటే ఇల్లంతా చెక్క, గోడలంతా కాగితం, మధ్యలో జిగురు. కాబట్టి ఈ ఇంట్లో కరెంటు లేదని నమ్మించడానికి ఇల్లంతా కరెంటు పెట్టాలి. మామూలు ఎలక్ట్రీషియన్‌కి వెలిగితే చాలు. నాకు వెలగాలి, తీగ కనిపించకూడదు, పైగా ఆ వెలుగు కొవ్వొత్తిదే అని చూసినవాళ్లు ఒప్పుకోవాలి.

మా ఆవిడ ఈ మాట విని, "కరెంటు వచ్చిన కాలం ఎంచుకోవచ్చుగా?" అంది. ఇంత తెలివైన ప్రశ్నకి జవాబుండదు కాబట్టి చరిత్రలోకి వెళ్లాను. "విండ్సర్ కోటలో మేరీ రాణిగారి బొమ్మరిల్లుంది, తెలుసా? 1924లో పూర్తయింది. లట్యెన్స్ అనే ఆర్కిటెక్టు గీసిన ప్లాను. అదీ పన్నెండో వంతే. దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్లొస్తాయి, లిఫ్టు కూడా పనిచేస్తుంది" అన్నాను.

"ఎంతమంది కట్టారు?"

"ఒక 1500 మంది కళాకారులూ పనివాళ్లూ..."

"మరి మనింట్లో ఒక్కరే కదా. అందుకే ఆ ఒక్కరికీ మన కుళాయి చూడ్డానికి తీరట్లేదు" అని లేచి వెళ్లిపోయింది.

పని మాత్రం బ్రహ్మాండంగా సాగింది. కోడిగుడ్ల అట్టల్ని తుంపి, నొక్కి, బూడిద రంగు వేస్తే అచ్చం రాతిపలకల్లా వచ్చాయి. ఆ గరుకు ఏ రాయికీ తీసిపోదు. పొయ్యి అట్టముక్కలతో చేసి, నల్లరంగు పూసి, పెన్సిల్ ముల్లు పొడిచేసి దానిమీద వేలితో రుద్దాను. పోత ఇనుముకుండే ఆ చచ్చు మెరుపు వచ్చేసింది. వేలికి కూడా వచ్చింది, నాలుగు రోజులు పోలేదు. రాగి గిన్నెలు పాత చొక్కా గుండీల నుంచి పుట్టాయి. ఒక గిన్నెకి పిడి అతికిస్తున్నప్పుడే ఫోను మోగడం, నేను ఎత్తడం, గిన్నె బొటనవేలికీ బొటనవేలు ఫోనుకీ అతుక్కోవడం జరిగాయి గానీ అది వేరే కథ.

మా అమ్మ ఒక్కతే సంతోషించలేదు. కళ్లజోడు సర్దుకుని, వంగి, ఇల్లు అద్దెకి తీసుకునేవాళ్లలా ప్రతి మూలా చూసింది. "అంతా బాగుంది గానీ, ఈ పొయ్యి ఎవరూ వెలిగించినట్టు లేదురా. రోజూ నిప్పు మండే పొయ్యి వెనక గోడ ఇంత తెల్లగా ఉంటుందా?" అంది. మసి పెడతానమ్మా అన్నాను. నల్లరంగు పొడిబ్రష్‌తో అద్దాను. మసిలా కాకుండా గోడకి మీసం మొలిచినట్టు వచ్చింది. దానిమీద మళ్లీ తెల్లరంగు వేసేశాను.

ఇక కరెంటు. ఈ పనిలో పాతకాపులందరూ చెప్పేది ఒకటే: తీగలు ముందు, గోడకాగితం తర్వాత. నేను గోడలూ, నేలా, అలమరా అన్నీ అతికించాక, చివర్లో దీపాలు పెడితే దీపాలకో గౌరవం ఉంటుందనుకున్నాను. ఇప్పుడు తీగ ఎటునుంచి రావాలి? మిల్లీమీటరు మందం తీగ నాకు దారపుపోగే. నా వంటమనిషి కళ్లతో చూస్తే అది చిటికెనవేలంత తాడు. గదిలోంచి అంత తాడు పాకుతుంటే 1870 ఎక్కడ నిలుస్తుంది? గోడకి చిల్లు పొడిచి వెనకనుంచి తెద్దామని చేతి డ్రిల్లు పెట్టాను. ఆ గోడకి వెనక బయలు కాదు, భోజనాల గది ఉందన్న సంగతి డ్రిల్లు అవతల తేలాక గుర్తొచ్చింది. అక్కడ గోడమీద ఇంటి యజమాని పటం ఉంది. సరిగ్గా ముక్కులోంచి వచ్చింది. ఆయన ఈరోజుకీ ఎడమ ముక్కుపుటం కాస్త విశాలంగానే ఉంటారు.

కొవ్వొత్తులకి, నూనె దీపానికి గోధుమగింజ బల్బులు పెట్టాను. గోధుమగింజంత ఉంటాయి కాబట్టి ఆ పేరు. 12 వోల్టులతో వెలుగుతాయి, వెలుగు పచ్చగా, ముసలిగా, ఎంతో అందంగా ఉంటుంది. పొయ్యిలో నిప్పుకి మాత్రం నారింజరంగు ఎల్‌ఈడీ. అది 12 వోల్టులు తట్టుకోలేదు, దానికి రెండు వోల్టులు చాలు. మిగతా పదీ మింగడానికి ముందొక రెసిస్టర్ పెట్టాలి. లెక్క వేస్తే 470 ఓములు. రెసిస్టర్ బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, దాని ఒంటిమీద అంకె రాసే చోటుండదు కాబట్టి రంగుల గీతలుంటాయి. పసుపు, ఊదా, గోధుమరంగు గీతలుంటే 470. పసుపు, ఊదా, నలుపు ఉంటే 47.

గోధుమరంగుకీ నలుపుకీ ఎంత తేడా ఉందో పట్టపగలు చెప్పమంటే నేనూ చెబుతాను. అప్పుడు రాత్రి పదకొండు. పైగా వాతావరణం రావాలని గదిలో పెద్ద లైటు ఆర్పేసి, నా గోధుమగింజ దీపాల వెలుగులో పని చేస్తున్నాను. ఆ వెలుగులో నలుపు కూడా చరిత్రాత్మకమైన గోధుమరంగులోనే కనిపిస్తుంది. టంకం పెట్టాను, పొయ్యి వెనక గోడకి ఆనించి దాచాను, అందర్నీ పిలిచాను.

మా ఆవిడ వచ్చింది. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పాప ఫోనులో వీడియోకి సిద్ధమైంది. రెండు ముక్కలు మాట్లాడి స్విచ్చి వేశాను.

ముందు కొవ్వొత్తులు, దీపం వెలిగాయి. రాగి గిన్నెలు తళుక్కుమన్నాయి. "అబ్బ" అంది మా ఆవిడ. నాలుగు నెలల్లో నాకు దక్కిన మొదటి మంచిమాట. అంతలో పొయ్యి వెలిగింది. మామూలుగా కాదు, ఫ్లాష్ కొట్టినట్టు వెలిగి ఆరిపోయింది. 20 మిల్లీ ఆంపియర్లతో బతికే ప్రాణి మీదికి 200 పైచిలుకు పంపాను మరి. పోయేదేదో ఊరికే పోయినా బాగుండేది. పోతూ పోతూ అది లోపల షార్టయి, వచ్చిన 12 వోల్టుల్నీ రెసిస్టర్ నెత్తిన పడేసి పోయింది. పావు వాటు మోయగల రెసిస్టర్ మీద మూడు వాట్లు.

పొయ్యి పైనుంచి సన్నటి పొగ లేచింది. వంకర్లు తిరుగుతూ గోడ వెంబడి పాకుతూ పొగగొట్టంలోకి వెళ్లింది. అట్టతో చేసిన ఆ గొట్టం ఇంత బాగా పనిచేస్తుందని నాకే తెలీదు. ఇంటి కప్పుమీద చిమ్నీలోంచి బయటికి కూడా వచ్చింది.

"పొగ కూడా పెట్టారా!" అంది మా ఆవిడ, ఈసారి నిజమైన గౌరవంతో.

ఆ ఒక్క క్షణం నేను నోరు విప్పలేదని ఒప్పుకోవాలి. నాలుగు నెలల కష్టం, అలాంటి గొంతు మళ్లీ ఎప్పుడు వింటానో ఏమో. కానీ వాసన దాగలేదు. కాలిన ప్లాస్టిక్, కాలిన అట్ట, కాలిన జిగురు. పాప మాత్రం వీడియో ఆపకుండా, "నాన్నా, ఇది ప్లాన్‌లో ఉందా?" అంది.

అప్పుడు నేను చేసిన పని మనిషన్నవాడెవడూ చెయ్యడు. వంగి పొయ్యిని ఊదాను.

"ఊదకురా! ఊదితే రాజుకుంటుంది!" అని అమ్మ అరిచింది. అట్ట అంచు ఎర్రగా కణకణలాడింది. నాలుగు నెలల్లో నేను ఎన్ని రంగులు కలిపినా రాని నిప్పురంగు, ఊదగానే వచ్చింది. నేను నీళ్లకోసం పరిగెత్తాను. మా ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు, ప్లగ్గు పీకేసి, వేళ్లు తడిచేసుకుని అట్ట అంచు నులిపేసింది. నేను చెంబుతో వచ్చేసరికి అంతా అయిపోయింది. పింగాణీ వంటమనిషి ఇంత జరిగినా చిరునవ్వు చెరగకుండా గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆ చెంబుడు నీళ్లూ ఆ వంటింట్లో పోసుంటే ఆవిడ లెక్కలో ఎంత వరదో తర్వాత కాగితం మీద వేసి చూసుకుని భయపడ్డాను. టన్నున్నర పైమాటే.

పెద్ద లైటు వేసి చూస్తే పొయ్యి ఒక పక్క కాలింది, నాలుగు రాతిపలకలు లేచాయి. 1940లలో అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ, అనుమానాస్పద మరణాలు ఎలా పరిశోధించాలో పోలీసులకి నేర్పడానికి ఇలాగే పన్నెండో వంతు బొమ్మ గదులు కట్టింది. నా వంటింటిని ఆ వరసలో పెడితే పోలీసులు ఇట్టే పట్టుకుంటారు. అనుమానితుడు ఒక్కడే, చేతిలో చెంబుతో ఉన్నాడు.

అమ్మ మాత్రం మళ్లీ కళ్లజోడు సర్దుకుని వంగింది. పొయ్యి వెనక తెల్లగోడ మీద పొగ చూరి నల్లటి మసి. కింద చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా, గొట్టం దగ్గర మళ్లీ కాస్త చిక్కగా. "ఆఁ, ఇప్పుడు వంటిల్లులా ఉంది" అంది.

పొయ్యి మళ్లీ చేశాను. ఈసారి రెసిస్టర్‌ని పట్టపగలు, కిటికీ దగ్గర, మీటరు పెట్టి కొలిచి, మా ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నంత పని చేసి వేశాను. గోడ జోలికి మాత్రం పోలేదు. మొన్న ఇదే పిచ్చి ఉన్న ఒకాయన వచ్చి భూతద్దం పెట్టి అరగంట చూశాడు. రాగి గిన్నెలు దాటేశాడు, కారుతున్న కుళాయి దాటేశాడు, ఆ మసి దగ్గర ఆగిపోయాడు.

"నేను పదేళ్లుగా ప్రయత్నిస్తున్నానండీ, ఇంత సహజంగా రాలేదు. ఏమేం రంగులు వాడారో చెప్పగలరా?"

నేను గొంతు సవరించుకునే లోపు పక్కగదిలోంచి పాప గొంతు వినిపించింది.

"పసుపు, ఊదా, నలుపు అంకుల్!"

పాపం, ఆయన రాసుకున్నాడు.