తెలుగును యాప్‌కు సరిపడా కత్తిరిద్దాం

తెలుగు పాఠానికి ఆటలు తయారు చేసిపెట్టే యాప్‌లు బోలెడు. ఉచితంగా దొరుకుతాయి, వాడటం తేలిక. అయినా మన విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా తెలుగు మాస్టార్లు విసుక్కుంటూనే ఉన్నారు. నిష్పక్షపాతంగా విచారిస్తే తేలేది ఒకటే: యాప్‌లు భేషుగ్గా ఉన్నాయి, భాషే అప్‌డేట్ కాలేదు.

ముందు ఒత్తుల సంగతి చూద్దాం. గళ్ళలో పదాలు వెతికే ఆటకి 'స్త్రీ' అని ఇచ్చారనుకోండి. మనకది ఒక్క అక్షరం. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలు దాచుకునే పద్ధతి అయిన యూనికోడ్‌కి ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇంగ్లిషు కోసం పుట్టిన యాప్ నిజాయితీగా ఆరు గళ్ళు కేటాయిస్తుంది. ఒక గడిలో స, పక్క గడిలో దిక్కులేని పొల్లు, చివర చుక్కల సున్నా నెత్తిన గుడిదీర్ఘం. పిల్లలు కొత్త ఎమోజీ అనుకుంటారు. కొందరు చాదస్తపు టీచర్లు యాప్ మానేసి, గూగుల్ షీట్స్‌లో ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్ళు తీసుకుని, గడికో అక్షరం చొప్పున చేత్తో కొడతారు. ఖాళీ గళ్ళలోనూ గుణింతాలు, ఒత్తులు నింపుతారు. ఉత్త క, గ, చ నింపితే ఒత్తున్న గడే జవాబని వెనక బెంచీ ఇట్టే పట్టేస్తుందట. ఒత్తులు రద్దు చేస్తే ఇంత శ్రమ ఉండదు కదా!

రద్దు ఇప్పటికే మొదలైంది కూడా. ఫ్లాష్‌కార్డు పెట్టె ఎత్తు చాలకపోతే కింది ఒత్తు తెగిపోయి, తెర మీద 'అక్క' కాస్తా 'అక' అవుతుంది, 'అన్నం' 'అనం' అవుతుంది. వరసల మధ్య దూరం 1.5 పెట్టి, పీడీఎఫ్ చేసి, క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద ఒకసారి ముందే వేసి చూసుకుంటే ఒత్తులు బతికిపోతాయి. కాబట్టి అలా చేయొద్దని మనవి.

రెండోది, మన వాక్యానికి క్రమశిక్షణ లేదు. 'రవి నిన్న బీచ్‌కి వెళ్ళాడు'. నాలుగు మాటలు చెల్లాచెదురు చేసి సరిచేయమంటే యాప్ దగ్గర ఒక్కటే జవాబు. క్రియ చివర ఉంచి మిగతా మూడూ ఎలా తిప్పినా ఆరు వాక్యాలొస్తాయి, ఆరూ తెలుగే. 'బీచ్‌కి నిన్న రవి వెళ్ళాడు' అని పెట్టిన పిల్లకి ఎర్ర గుర్తు, సున్నా. ఇదే ఆటని గూగుల్ స్లైడ్స్‌లో మాటకో పెట్టె చేసి, జరుపుకోమని వదిలేసి, ఏ మాట ముందుకొస్తే దేని మీద ఊనిక పడుతోందో చెప్పమనేవాళ్ళున్నారు. అప్పుడు పిల్లలు వాదించుకుంటారు. క్లాసులో గోల. హెడ్మాస్టరు గారికి ఇబ్బంది.

మూడోది మరీ దారుణం. గూగుల్ ఫారంలో చిన్న జవాబు ప్రశ్న పెట్టి, 'వెళ్ళాడు' అని ఒక్కటే జవాబుల కీలో వేసి, తక్కినవన్నీ తప్పు అని టిక్కు పెడితే, 'వెళ్లాడు' అని రాసిన పిల్లాడికి సున్నా. రెండూ పుస్తకాల్లో ఉన్నవే! కీలో రెండు రూపాలూ చేర్చి, ఆ టిక్కు తీసేసి, మిగిలినవి కంటితో చూసుకుంటే సరిపోతుంది. కానీ కంటితో చూసేదానికి డిజిటల్ ఎందుకు? పైగా అలా చూస్తే, ఫిషింగ్ హార్బర్ వైపు పిల్లాడు 'ఎల్లాడు' అని రాసింది కూడా కంటబడుతుంది. వాడు ఇంట్లో మాట్లాడేదీ బడిలో రాసేదీ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పాల్సి వస్తుంది. అంత టైం ఎవరికుంది?

పాత ప్రశ్నపత్రాలు మాత్రం సంస్కరణకి తొలి విజయం. 'అను' అనే పాత రకం ఫాంట్లలో డీటీపీ చేయించిన ఫైలు నుంచి కాపీ చేసి ఫారంలో అతికిస్తే, అది యూనికోడ్ కాదు కాబట్టి తెలుగు పూర్తిగా మాయమై పిచ్చి గుర్తులు మిగులుతాయి. కన్వర్టరులో మార్చి, ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకునేవాళ్ళు ఈ విజయాన్ని నీరుగారుస్తున్నారు.

ఒక్క అడ్డంకి ఉంది. వాడుక భాష బడిలోకి రావాలని వందేళ్ళ కిందట గట్టిగా అడిగింది ఈ చుట్టుపక్కల వాళ్ళే: గిడుగు, గురజాడ, ఇక్కడి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు. వాళ్ళ దగ్గర ఫోన్లు లేవు కాబట్టి క్షమించేద్దాం. కొత్త తెలుగు అమలుకి ఆగస్టు 29 అనువైన రోజు. అది గిడుగు వారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. బడిలో ఎలాగూ షామియానా వేస్తారు, వేరే ఖర్చు ఉండదు.