మంచం కింద మహానుభావుడు

మొన్న సెప్టెంబరు 21న, గురజాడ జయంతి నాడు, మా విజయనగరంలో పిల్లల వేషాల పోటీకి వెళ్లాను. వెళ్లానంటే, పక్కింటాయన వదల్లేదు. "మావోడు గిరీశం ఏస్తన్నాడు మాస్టారూ, మీరు రావాల" అన్నాడు. వెళ్లి చూస్తే పదకొండుమంది గిరీశాలు. నాన్నల కోట్లు, కాటుక మీసాలు, నోట్లో కాగితం చుట్టలు. మొదటి బహుమతి గిరీశానికే వచ్చింది. రాక ఏం చేస్తుంది? బహుమతి ఇచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకుని, "కమ్యూనికేషన్ స్కిల్స్ గిరీశం దగ్గర నేర్చుకోవాలి పిల్లలూ" అని సెలవిచ్చారు.

ఈ గిరీశం గురజాడ రాసిన కన్యాశుల్కం నాటకంలో మోసగాడు. ఆ నాటకం తొలిసారి ఆడింది కూడా మా ఊళ్లోనే, 1892లో. ఇన్నాళ్లకు విలన్‌ని పాఠం చేసే స్థాయికి ఎదిగాం. సరే, నేర్చుకుందాం.

ముందు ఫొటో తీయించుకుని డబ్బు ఎగ్గొట్టాలి. పూటకూళ్లమ్మ అన్నం తిని, ఆవిడ డబ్బే కాజేసి, వేశ్య మధురవాణి ఇంట్లో దర్జా వెలగబెట్టాలి. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తే మంచం కింద దూరాలి. అక్కడ అప్పటికే మధురవాణి కోసం వచ్చిన రామప్పంతులు నక్కి ఉంటే, దెబ్బ ఆయనకు తగిలేలా పక్కకు తప్పుకోవాలి. దీన్నే ఇప్పుడు రిస్క్ మేనేజ్‌మెంట్ అంటున్నారనుకుంటా.

ఊళ్లో మొహం చెల్లక గిరీశం, పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశాన్ని వెంటేసుకుని అతని ఊరు కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. అక్కడి ఇంగ్లీషు ముచ్చట నాకు ప్రాణం. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ గారి సరదా. గురువు ట్వింకిల్ ట్వింకిల్ అని ఎత్తుకుంటాడు. శిష్యుడు గుడారంలో తెల్లవాడున్నాడని జవాబిస్తాడు. గురువు కాలుతున్న ఓడ మీద కుర్రాణ్ణి నిలబెడతాడు. శిష్యుడు తడుముకోకుండా ట్రెపీజియం భుజాలు సమానమని తేల్చేస్తాడు. లెక్కలూ తప్పే, ఇంగ్లీషూ తప్పే, తల్లి మురిపెం మాత్రం నిజం. గంటస్తంభం దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు డెమో క్లాసు బయట నిలబడ్డ తల్లుల మొహాల్లో అదే మురిపెం చూశాను. లోపల ఏం చెబుతారో అడక్కండి. ఫీజు మాత్రం తెలుగులోనే అడుగుతారు, అదీ చాలా స్పష్టంగా.

గిరీశం ఎవరికీ కొత్త ఆశ పెట్టడు. ఎవరి ఆకలి ఏమిటో కనిపెట్టి అదే వడ్డిస్తాడు. తల్లికి ఇంగ్లీషు కొడుకు. దావాల పిచ్చి ఉన్న తండ్రి అగ్నిహోత్రావధానులకు కోర్టు కాగితాల సాయం. దెబ్బలకు హడిలే కుర్రాడికి చుట్టతో సహా స్నేహం. ఇవన్నీ చిల్లర. అసలు వేట వెంకటేశం అక్క బుచ్చమ్మ. చిన్నతనంలోనే విధవైన ఆ పిల్లతో ఆ ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడినవాడు లేడు. వీడు మాట్లాడాడు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులు ఊరంతా తిడుతున్నా వితంతు వివాహం చేయించారు. ఆయన నిలబడి చెప్పిన మాటల్నే వీడు గాలానికి గుచ్చాడు.

ఇదా స్కిల్లు? గురజాడ 1897 నాటి ముందుమాటలో లెక్క రాశాడు, చదివారా ఎవరైనా? అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్నవి. అయిదేళ్ల పిల్లలు 99 మంది. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది! ఉయ్యాల్లో ఉన్న పిల్లకు ధర కట్టి అమ్మారు. వాళ్లలో మొగుడు పోయి పుట్టింటి వంటింట్లో మిగిలిపోయినవాళ్లే బుచ్చమ్మలు. అలాంటి పిల్లకు మిగిలిన ఒక్క నమ్మకాన్నీ నొల్లుకోబోయినవాడు మీకు ముద్దొస్తున్నాడా? వాణ్ణి వెధవ అని తిట్టబోయి ఆగాను. ఆ తిట్టు కూడా బుచ్చమ్మల నుంచే తెచ్చుకున్నాం. వీడి మీద దాన్ని ఖర్చు పెట్టను.

ఇదంతా చెబితే పక్కింటాయన, "ఏటి మాస్టారూ, నాటకమే కదా, మరీనూ!" అన్నాడు. వాళ్లవాడు రెండో బహుమతి స్టీలు డబ్బా చంకన పెట్టుకుని, కాగితం చుట్ట నములుతున్నాడు.

ఆ రోజు బుచ్చమ్మగా ఒక్క పిల్లా రాలేదు. వచ్చే ఏడాది మా మేనకోడల్ని పూటకూళ్లమ్మగా పంపిస్తున్నాను. చీపురు ఇంట్లోనే ఉంది, మంచం ఒక్కటి వాళ్లు వేయిస్తే చాలు. కొట్టేముందు వంగి, కింద ఎవరున్నారో సరిగ్గా చూసుకోమని ఇప్పటినుంచే చెబుతున్నాను.