చెట్టుకే క్రెడిట్, గడ్డికి బంజరు ముద్ర

క్షీణించిన నేలల్లో మొక్కలు నాటి పెంచేవారికి ప్రభుత్వం క్రెడిట్లనే పాయింట్లు ఇచ్చే గ్రీన్ క్రెడిట్ పథకంలో అవి దక్కాలంటే ఐదేళ్ల తరవాత ఆ నేలపై కనీసం 40 శాతం మేర చెట్ల కొమ్మలు కమ్ముకుని ఉండాలని కేంద్ర పర్యావరణ శాఖ 2025 ఆగస్టులో సవరించిన విధానం చెబుతోంది. ఈ ఒక్క నిబంధనతో ఎత్తైన కొండల గడ్డినేలలన్నీ లెక్కలోంచి జారిపోయాయి. నీలగిరుల్లోనో, పళని కొండల్లోనో, బుగ్యాల్‌లు అనే హిమాలయాల పచ్చికబయళ్లలోనో గడ్డిని ఎంత శ్రద్ధగా కాపాడినా దానిపై చెట్ల గొడుగు పరుచుకోదు, క్రెడిట్ రాదు. అదే నేలను ‘క్షీణించిన భూమి’గా రాసి మొక్కలు పాతితే మాత్రం వచ్చే వీలుంది. దేశంలోని ఎన్నో గడ్డినేలలు ప్రభుత్వ పటాల్లో ఇప్పటికే బంజరుగా నమోదై ఉన్నాయి కనుక ఇది ఊహాజనిత భయం కాదు.

చలి కొండల గడ్డి తన కార్బన్‌లో అత్యధిక భాగాన్ని వేళ్లలో, మట్టిలో దాస్తుంది. చలికి సూక్ష్మజీవుల పని మందగించి చచ్చిన వేళ్లు త్వరగా కుళ్లవు; ఆ నల్లమట్టి వేల ఏళ్లుగా అలాగే పేరుకుంది. మంట వచ్చినా పైగడ్డి కాలి వానకు మళ్లీ చిగురిస్తుంది, మట్టిలోనిది చాలావరకు మట్టిలోనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ సూక్ష్మజీవులే చురుకై ఆ నిల్వను బొగ్గుపులుసు వాయువుగా గాలిలోకి వదులుతాయి. నీలగిరుల్లో మరో ముప్పూ ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గడ్డకట్టే మంచు లేత చెట్లను మాడ్చి గడ్డికి కంచెలా నిలిచేది. ఆ మంచు పలచబడితే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన తుమ్మ జాతి వాటిల్ చెట్లు పైకి ఎగబాకుతాయి. గడ్డి ఎక్కడికి పోగలదు? అది ఇప్పటికే కొండ కొసన ఉంది.

చెట్లు కార్బన్‌ను వేగంగా పీలుస్తాయని, 2030 నాటికి 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన అదనపు నిల్వ సాధిస్తామని ప్రపంచానికి మాట ఇచ్చామని అధికారులు అంటారు. ఆ మాట నిలబెట్టుకోవలసిందే. కానీ వానలు ఎక్కువగా పడే గడ్డినేలల్లో చెట్లు పెంచితే మట్టిలోని కార్బన్ తరిగిపోవచ్చని పరిశోధనలు హెచ్చరిస్తున్నాయి. పైన పెరిగిన చెట్టును కూడి, కింద మట్టిలో పోయినదాన్ని తీసివేయకపోతే అది లెక్క ఎలా అవుతుంది?

ఈ తప్పు మనకు కొత్త కాదు. పరాయి పాలకులు 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్‌ను తెలుగువారు నేటికీ నీలగిరి చెట్టు అనే పిలుస్తారు. ఆ కొండల అసలు సంపద గడ్డి అన్న సంగతి అంతగా మరుగున పడింది. సగం కుళ్లిన మొక్కల అవశేషాలతో ఏర్పడిన నీలగిరుల పీట్ మట్టి పొరలు దాదాపు 20 వేల ఏళ్ల గడ్డి చరిత్రను చెబుతున్నాయి, అంటే అడవి నరికితే మిగిలిన బోడినేల కాదది. నాలుగు దశాబ్దాలకు పైగా కాలంలో పశ్చిమ కనుమల ఎత్తైన గడ్డినేలల్లో సుమారు 23 శాతం పరాయి చెట్ల పాలైందని ఒక అధ్యయనం తేల్చింది. ఊటీ దగ్గర గ్లెన్‌మోర్గాన్‌లో గడ్డిని తీసి యూకలిప్టస్ పెంచితే మొదటి విడతలోనే నీటి దిగుబడి సుమారు 16 శాతం పడిపోయింది. తమిళనాడు ఇప్పుడు ఖర్చుపెట్టి ఆ పరాయి చెట్లను తొలగించే పనిలో ఉంది. ఒక ప్రభుత్వం పీకుతుంటే ఇంకొక ప్రభుత్వం చెట్టుకే క్రెడిట్ కట్టడం ఏ పర్యావరణ విధానం?

2026ను ఐక్యరాజ్యసమితి గడ్డినేలలు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఆ వేదికలెక్కి ప్రసంగించేముందు పర్యావరణ శాఖ ఎత్తైన గడ్డినేలలపై బంజరు ముద్రను చెరిపివేయాలి. అక్కడ క్రెడిట్ల కోసం మొక్కలు నాటరాదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. మట్టిలోని కార్బన్‌ను కొలిపించి ఆ అంకెలను ప్రజల ముందు పెట్టాలి. ఇవేవీ చేయకుండా చెట్ల సంఖ్య చూపి వాతావరణాన్ని కాపాడుతున్నామని చెప్పుకోవడం ఆ శాఖ ఇకనైనా మానుకోవాలి.