టమాటా ఎన్ని క్యారెట్లు?

ఎండాకాలం మొదలయ్యాక మా కర్నూలు ఇంట్లో పచ్చగా కనబడేవి రెండే. ఒకటి మిద్దె మీది టమాటా చెట్లు, రెండోది మా ఆవిడ గుచ్చే రాతిపూసల దండలు. రెండూ చేతిపనులే. వీటికి ధర ఎట్లా కట్టాలన్నదానిపై మూడు వారాలుగా ఇంట్లో ఉన్నతస్థాయి చర్చలు నడుస్తున్నాయి. అవి కొలిక్కి రాలేదు కాబట్టి విషయాన్ని ప్రజల ముందు పెడుతున్నాను.

ముందు రాళ్ల సంగతి. నిరుడు మా ఆవిడ ఒక ముక్కు పట్టకారు, రాగితీగ చుట్ట, నాలుగు పొట్లాల పూసలు కొనుక్కొచ్చింది. పూసకూ పూసకూ నడుమ తీగను మెలితిప్పి, కొసను బొటనవేలితో తడిమి చూస్తుంది. గుచ్చుకుంటే విప్పి మళ్లీ మొదలు. ఒక్కో దండకు నాలుగు రోజులు. అవి కెంపులు, పచ్చలు కావు, రంగు రంగుల స్ఫటికాలు. రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో వజ్రానికి 10, కెంపుకు 9, స్ఫటికానికి 7, ముత్యానికైతే రెండున్నర నుంచి నాలుగున్నర లోపే అని ఒకసారి నా పాండిత్యం చూపించాను. "మరి మీ టమాటాకెంత?" అని అడిగింది.

దండకు 1,200 అని చీటీ కట్టింది. రాళ్లు, తీగ కలిపి మూడొందలు కూడా కావు కదా అన్నాను. "మిగతాది నా చేతులకు" అంది. ఈ సూత్రం నాకు తెగ నచ్చి, దాన్ని తీసుకుని మిద్దెక్కాను.

ఆఖరి కాపు అంటే ఏమిటో కుండీల్లో పెంచినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున పూత చూసి మురిసిపోతాం, సాయంత్రానికి కింద రాలి ఉంటుంది. ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవడం కష్టం, మాకేమో 40 దాటుతుంది. ఆకు అడుగున తెల్లదోమ, వంగ కొమ్మల సందుల్లో పిండినల్లి. నీళ్లలో కాస్త వేపనూనె, సబ్బు కలిపి కొట్టాను. రెండు పూటలా నీళ్లు మోశాను. షేడ్‌నెట్ కట్టాను, గాలికి ఎగిరిపోతే ఇంకోటి కొన్నాను. ఇంత చేస్తే ఏడు కాయలు. అందులో పెద్దదాని భుజాలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, తొడిమ చుట్టూ పగుళ్లు, అడుగున రూపాయంత నల్లమచ్చ. పూసలు తూచే కాటా మీద పెడితే 31 గ్రాములు. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు కాబట్టి 155 క్యారెట్లు. మట్టి, కుండీలు, నెట్లు, నూనె కలిపి 3,010 రూపాయలు. ఏడింటికి పంచితే కాయకు 430. చేతికూలి ఇంకా వెయ్యలేదు.

ఆ రోజు బజార్లో టమాటా కిలో పది.

మా మేనమామది తుగ్గలి వైపు. అక్కడ తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, నడుము వంచి, కంకర కంకరా ఏరి చూస్తారు. ఆ వైపు చేలల్లో టమాటా కూడా పండుతుంది. దానికోసం మాత్రం పక్క జిల్లా నుంచి సద్దిమూట కట్టుకుని వచ్చినవాళ్లు లేరు. కిందటి వారం మామ ఇరవై బాక్సులు మండీకి తోలాడు. వచ్చిన రేటు బండి బాడుగకు కూడా చాలక, సరుకు దారిలో గొర్రెలకు పోసి, అట్నుంచటే మా ఇంటికొచ్చాడు.

ఆయనకు నా లెక్క చెప్పాను.

"నాలుగొందల ముప్పయ్యా, అల్లుడూ?" అని కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేత్తో పెంచింది కదా మామా."

ఆయన తన రెండు చేతులూ చాపి చూసుకున్నాడు. "అయితే నేను కాళ్లతో పెంచినానేమోలేప్పా" అన్నాడు.

రాత్రంతా ఆలోచించి ఒక ప్రతిపాదన తయారుచేశాను. తరుగు అనే మాట నగల కొట్లోనూ ఉంది, మండీలోనూ ఉంది. నగల కొట్లో తరుగు కొనేవాడి నెత్తిన పడుతుంది, మండీలో అమ్మేవాడి నెత్తిన. ఒక్క ఏడాది వీటిని అటుదిటు చేసి చూడాలి. టమాటాను మఖ్మల్ పెట్టెలో పెట్టి, "చేత్తో పండించినది, ఏ రెండు కాయలూ ఒకేలా ఉండవు" అని చీటీ అంటించి, తూకం మీద మజూరీ, తరుగు వేసి బిల్లు ఇవ్వాలి. దండలనేమో బాక్సుల్లో కుప్పగా పోసి, తెల్లవారుజామున వేలం పాడాలి. ఈ రెండో భాగం మా ఆవిడకు ఇంకా చదివి వినిపించలేదు. పట్టకారు ఆమె చేతిలోనే ఉంటోంది.

నిన్న ఎదురింటావిడ వచ్చింది. 1,200 దండను బేరమాడి 1,100కు తీసుకుంది. మెడలో వేసుకుని అద్దంలో చూసుకుని, పోతూ పోతూ మిద్దె మెట్ల దగ్గర ఆగింది.

"అక్కా, కొసరుకు రెండు టమాటాలు వెయ్యవా?"

మా ఆవిడ నాలుగు వేసింది.