అప్పర్ వేస్తే ఆరిపోయే లైట్లూ, మా బావ పంతం

రొయ్యల గుంటల గట్ల మీద రాత్రిపూట పికప్ తోలినోళ్ళకే తెలుస్తుంది, దూరం కనపడటం వేరు, దగ్గర కనపడటం వేరు. హెడ్‌లైటు దూరం కొట్టేది అప్పర్, కిందికి దగ్గర్లో పడేది డిప్పర్. అప్పర్ వేస్తే ఎక్కడో అవతల గుంట కాడ ఉన్న కరెంటు స్తంభం కనపడుద్ది గానీ ముందు టైరు పక్కన గట్టు ఏడ కోసుకుపోయిందో కనపడదు. దానికి ఫాగ్ లైట్లు బాగా పనికొస్తాయి, అవి బంపర్లో కిందికి ఉంటాయి, వెలుతురు అడ్డంగా పరుచుకుంటది. మా బావ బండికి కంపెనీవాళ్ళే ఇచ్చినారు ఆ లైట్లు. ఇచ్చి, అప్పర్ వెయ్యంగానే ఆరిపోయేటట్టు కూడా వాళ్ళే చేసినారు. ఈ రెండోది మా బావకి నచ్చలా.

"డిప్పర్లో వెలిగి అప్పర్లో ఆరిపోతే అదేం లైటురా అబ్బయా, బండి నాది, బ్యాటరీ నాది, ఈఎంఐ కట్టేది నేను, లైటు ఎప్పుడు వెలగాలో చెప్పేది మాత్రం వాళ్ళా?"

నాకు తెలిసిన కాడికి చెప్పి చూశా. బావా, ఫాగ్ లైటు ఉండేది సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున పడే మంచు కోసం, ఆ మంచులో అప్పర్ వేస్తే నీటి తుంపర్లకి తగిలి వెలుతురంతా మన కళ్ళలోకే తిరిగొస్తది, తెల్ల దుప్పటి అడ్డం కట్టినట్టుంటది, అందుకని రెండూ కలిపి వెయ్యాల్సిన పనే లేదని అట్టా పెట్టినారు. ఇంకోటి కూడా ఉండాది, కాళ్ళ ముందర రోడ్డు మరీ వెలిగిపోతుంటే కళ్ళు ఆ వెలుతురికే అలవాటు పడి దూరంగా ఉండేది ఇంకా చీకటిగా అనిపిస్తది. ఇదంతా ఓపిగ్గా విన్నాడు. విని, "మన విడవలూరు రోడ్డుకి ఏడాదిలో మంచు పడేది ఎన్ని రోజులు, గేదెలు అడ్డమొచ్చేది ఎన్ని రోజులు?" అని అడిగినాడు. నిజం చెప్పాలంటే గట్ల మీద నిమ్మళంగా పోయేవాడికి ఆయన అడిగేది న్యాయమే. కాకపోతే న్యాయం ఉన్నోడికి మెకానిజం కూడా తెలిసుండాలని ఎక్కడా రాసిపెట్టలేదు గదా.

నెల్లూరు ఆటోనగర్లో వైరింగ్ పని చేసే భాయ్ దగ్గరికి పోదాం అన్నా. మా మేనల్లుడు అప్పుడే డిప్లొమా ట్రిపులీలో, అదే ఎలక్ట్రికల్ కోర్సులో, చేరుండాడు, వాడు ఫోన్లో ఏదో వీడియో చూపించి "నాన్నా, ఒక్క వైరే" అన్నాడు. ఇంక భాయ్ ఎందుకు?

ఆదివారం మధ్యాన్నం వేపచెట్టు కింద బానెట్ లేచింది. మా వాడు ఫాగ్ లైట్లని వెలిగించే రిలే డబ్బీ పీకి తిరగేసి కింద నంబర్లు చదివినాడు, 30, 87, 85, 86. ముప్పైకి బ్యాటరీ నుంచి కరెంటు వస్తది, ఎనభై ఏడు నుంచి లైట్లకి పోతది, ఎనభై ఐదు ఎనభై ఆరు లోపలుండే కాయిల్‌వి, ఆ కాయిల్‌కి కొంచెం కరెంటు తగిలితే టక్కుమని తలుపు తెరుచుకోని పెద్ద కరెంటు పోతది. ఇంతవరకు వాడు చెప్పిందంతా కరెక్టే, మా అక్క కూడా వసారాలో చిక్కుడుకాయలు గిల్లుకుంటా మెచ్చుకోలుగానే చూసింది. ఫాగ్ స్విచ్‌కి కరెంటు డిప్పర్ వైరు నుంచి వస్తుంది కాబట్టి డిప్పర్ పోతే ఫాగ్ పోతుంది, అది కూడా కనిపెట్టినాడు. "అయితే అప్పర్ వైరు నుంచి ఒక వైరు తెచ్చి 86కి కలిపేస్తే, డిప్పర్ ఉన్నా వెలుగుతది, అప్పర్ ఉన్నా వెలుగుతది, అంతే గదా!"

అంతే. మా బావ టేపు చుట్టిన చుట్టుడు చూస్తే ఆ వైరు పెన్నా వరదలో కూడా తడవదు.

"హాల్లో ట్యూబ్‌లైటు కొట్టుకుంటా ఉండాదని దీపావళి నుంచి చెప్తుండా, దానికి లేని ఇంజనీర్లు బండికి వచ్చినారు" అని అక్క అంటానే ఉంది, ఈయన కీ తిప్పి స్విచ్చులన్నీ వేసినాడు. హెడ్‌లైట్లు, ఫాగ్‌లు, అన్నీ భగ్గున వెలిగినాయి. మావాడు ముందర నిలబడి ఈల వేసినాడు. డిప్పర్లో పెట్టినా డాష్‌బోర్డులో అప్పర్ తాలూకు నీలం లైటు వెలగతా ఉందని నేను చూపిస్తే, "వెలిగితే నీకేం, అందంగానే ఉంది గదా" అన్నాడు బావ. ఏవి వెలగాలో చూసినారు గానీ ఏవి ఆరాలో ఒక్కరూ చూడలా.

ఆ రాత్రే రామతీర్థం వైపు గుంటలకి మేత బస్తాలు వెయ్యాలి, నన్ను కూడా ఎక్కించుకున్నాడు, కొత్త లైట్లు చూపించుకోటానికి ఒక మనిషి కావాలి గదా. కోవూరు దాటినామో లేదో మొదలైంది. ఎదురొచ్చే ప్రతివాడూ లైటు కొట్టేదే, హారన్ కొట్టేదే. బావ డిప్పర్ కొడతాడు, అయినా అప్పర్ పోదు. మళ్ళీ కొడతాడు, అప్పర్ వేస్తే డిప్పర్ కూడా వెలుగుతది, డిప్పర్ వేస్తే అప్పర్ కూడా వెలుగుతది, ఏది వేసినా అన్నీ వెలుగుతాయి, మా ఊరి పీర్ల పండగ లైటింగ్ కూడా ఇంత నిండుగా ఉండదు. ఒక బస్సు డ్రైవరు పక్కన ఆపి కిటికీలోంచి తల బయటపెట్టి మా బావ పుట్టుక గురించి వివరంగా మాట్లాడి పోయినాడు.

"బావా, ఆ ఫాగ్ స్విచ్ ఒక్కటి ఆపు" అన్నా.

"ఆపితే ఇంక పెట్టుకోని లాభమేంది?"

కాసేపటికి క్యాబిన్లో ఏదో కాలిన వాసన మొదలైంది. నేను ముక్కు ఎగబీలిస్తే, "మేత బస్తాల వాసనలే, ఎండుచేపల పొడి కలుపుతారు అందులో" అన్నాడు. చేప కాలితే వచ్చే వాసనా ప్లాస్టిక్ కాలితే వచ్చే వాసనా నెల్లూరోడికి తేడా తెలియకపోతే ఇంకెవుడికి తెలుస్తుంది, కానీ బండి ఆయనది.

విడవలూరు దాటినాక కాలవ గట్టు రోడ్డు. కోతల టైము, ఎదురుగా వరికోత మిషన్ వస్తుండాది, దాని లైట్లు మన తల మీద ఉంటాయి, రోడ్డు మొత్తం అదే. ఇద్దరూ ఆగినారు. వాడు లైట్లు తగ్గించమని చెయ్యి ఊపుతాడు, మా బావ నువ్వే తగ్గించు అని ఊపుతాడు, వాడికి ఈయన చెయ్యి కనపడదు ఈయనకి వాడి చెయ్యి కనపడదు, నాకు ఇద్దరి మధ్యలో ఎగిరే పురుగులు తప్ప ఏం కనపడలా. అట్టా ఉండంగా డిప్పర్ ఫ్యూజు టప్పుమంది. "చూశావా, తగ్గింది" అని బావ ధీమాగా అప్పర్లోకి మార్చినాడు, మళ్ళీ అన్నీ వెలిగినాయి. "ఒకటి పోయినా ఇంకోటి కాపాడుద్ది, అదీ మన వైరింగు!" కోత మిషనోడు విసుగొచ్చి చేలోకి దించి దారిచ్చినాడు. మేము గెలిచి ఒక అర కిలోమీటరు పోయినామో లేదో రెండో ఫ్యూజు కూడా పోయింది.

అప్పుడు తెలిసింది చీకటంటే ఏందో. హెడ్‌లైట్లు లేవు, ఫాగ్‌లు లేవు, ఎడమ పక్క కాలవ, కుడి పక్క గుంట. పార్కింగ్ లైట్ల వెలుతురు కాలు కింద కూడా పడదు, మిగిలింది ఇండికేటర్లు. నాలుగూ కలిపి వేసుకోని, వెలిగినప్పుడు కదిలి ఆరినప్పుడు ఆగి, టిక్ టిక్ మని పోతుంటే నేను బానెట్ ముందర ఫోన్ టార్చి పట్టుకోని నడిచినా. దోమలు నా చొక్కా మీద కాదు, చొక్కా లోపల ఉండాయి. గుంటల కాడ కాపలా మనిషి దూరం నుంచి చూసి ఎవరిదో శవం బండి అనుకోని తువ్వాలు తీసి పక్కకి నిలబడినాడు.

మర్నాడు ఆటోనగర్. భాయ్ టేపు విప్పతా విప్పతా నవ్వుకుంటున్నాడు. "అన్నా, వైరుకి ఇది పోయే దారి ఇది వచ్చే దారి అని తెలియదు. 86 దగ్గర అప్పర్‌నీ ఫాగ్ స్విచ్‌నీ కలిపేశారు, ఇంక డిప్పర్ కరెంటు స్విచ్‌లోంచి అప్పర్‌లోకి పోయింది, అప్పర్ కరెంటు వెనక్కి డిప్పర్‌లోకి వచ్చింది. అప్పర్ అరవై వాట్లవి రెండు, డిప్పర్ యాభై ఐదువి రెండు, మొత్తం 230 వాట్లు, పంతొమ్మిది ఆంపియర్లు, ఫ్యూజు చూస్తే పదిహేను." మధ్యలో ఒక్కో వైరుకి ఒక డయోడ్ వేసుంటే కరెంటు వెనక్కి రాదంట, 1ఎన్4007 అని టీ కంటే తక్కువకే దొరుకుద్ది. ఆయన అది కూడా వెయ్యలా, మావాళ్ళ వైరు పీకి పారేసి, ఫాగ్ స్విచ్‌కి కరెంటు డిప్పర్ బదులు పార్కింగ్ లైటు నుంచి ఇచ్చినాడు, కాలిన స్విచ్ మార్చినాడు, అయిపోయింది. "ఎప్పుడన్నా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపి అడిగితే నా పేరు చెప్పొద్దన్నా, ఎదురు బండి ఉన్నప్పుడు వెయ్యొద్దు, గట్ల మీదే" అని కూడా అన్నాడు.

తర్వాత, స్క్రూడ్రైవర్ తుడుచుకుంటా, "అయినా రాత్రి ఆ ఫాగ్ స్విచ్ ఆపేసుంటే డిప్పర్ డిప్పర్‌లాగే ఉండేది, అప్పర్ వేస్తే ఫాగ్‌లు వాటంతటవే వెలిగేవి, మీరు అడిగింది అదే గదా" అన్నాడు.

నేను బావ వైపు చూశా. బావ ఆటోనగర్ వైపు చూసినాడు.

"ఇంతకీ ఈ పని చేసిందెవరన్నా?" అన్నాడు భాయ్.

"మా బామ్మర్ది" అన్నాడు మా బావ, రెప్ప కూడా వెయ్యకుండా. "ఆఫీసులో ఉద్యోగం, చెప్తే వినడు." భాయ్ నా వైపు జాలిగా చూసి ఒక టీ నాకు కూడా చెప్పినాడు.

సాయంత్రం చీకటి పడినాక బావ బండి స్టార్ట్ చేసి అప్పర్ వేసినాడు, ఫాగ్‌లు వెలిగినాయి, డిప్పర్ వేసినాడు, అప్పర్ ఆరింది, నీలం లైటు ఆరింది, అన్నీ ఉండాల్సినట్టే ఉండాయి. బానెట్ ముందర నిలబడి చాలాసేపు అటూ ఇటూ చూసినాడు.

"నిన్న ఉన్నంత వెలుతురు లేదురా అబ్బయా" అన్నాడు.