భోగిపళ్ళ బల్ల పక్కన ఇంకో బల్ల

బెంగళూరులోని మన తెలుగు సంఘం భోగిపళ్ళ వేడుకలో మైకు పట్టుకొని ఆ ప్రకటన చేసినవారి పేరు ఇక్కడ రాయను. హాల్లో ఉన్నవాళ్ళకు తెలుసు, లేనివాళ్ళకు అనవసరం. "చంటిపిల్లల తల్లులు దయచేసి డైపర్లు సరిగ్గా వేసి తీసుకురండి, జంపఖానాలు అద్దెవి" అన్నారు. అంతకు ముందు జరిగింది చాలా చిన్న విషయం. వరుసలో కూర్చోబెట్టిన ఒక పాప, తొమ్మిది నెలలుంటాయేమో, డైపరు తొడ పక్కనుంచి కారి జంపఖానా తడిసింది. రేగిపళ్ళూ చెరకు ముక్కలూ చిల్లరా బంతిపూల రేకులూ కలిపిన పళ్ళెం ఆ పాప దాకా రాకముందే తల్లి బిడ్డను భుజాన వేసుకొని వెళ్ళిపోయింది. "మా రోజుల్లో ఈ ప్లాస్టిక్కులు ఎక్కడివమ్మా" అని వెనక వరుసలో ఒక గొంతు. "ముస్తాబుకు మాత్రం తీరిక ఉంటుంది" అని ఇంకొకటి. దిష్టి తీయడానికి పెట్టుకున్న పేరంటంలో దిష్టి తగిలించి మరీ పంపాం.

ఈ డైపర్ల విషయం మీద మాట్లాడడానికి ఒక తాతగారికి ఏమి అర్హత అంటారేమో. బ్యాంకులో పదవీ విరమణ చేశాక బెంగళూరు మారతహళ్ళిలో మా అబ్బాయి ఇంట్లో నాకు అప్పగించిన శాఖ ఇదే. కొనుక్కురావడం, ఆరేయడం, మడతపెట్టడం, వాడినవి చుట్టి పారేయడం అన్నీ నావే.

మనవడు పుట్టినప్పుడు మా ఆవిడ నెల్లూరు నుంచి ఒక ట్రంకుపెట్టె నిండా పాత పంచెలూ నూలు చీరలూ ఉతికి, చించి, గోచీలుగా, పొత్తిగుడ్డలుగా మడిచి తెచ్చింది. అదే వారం హైదరాబాదు నుంచి వియ్యపురాలు రెండు పెద్ద డైపర్ల ప్యాకెట్లతో దిగారు. "వదినగారూ, ఇంకా ఆ గుడ్డలేమిటండీ" అని ఆవిడ, "పసిగుడ్డుకు ఊపిరాడొద్దా వదినగారూ" అని ఈవిడ. గౌరవ వాచకాలకు లోటు లేదు, ఒక్కరూ తగ్గలేదు.

మొదటి గెలుపు మా ఆవిడదే. పిల్లల డాక్టరు "రోజుకు ఎన్నిసార్లు తడుపుతున్నాడు?" అని అడిగితే ఆవిడ తడుముకోకుండా చెప్పింది. అది ఊరికే అడిగే ప్రశ్న కాదు. అయిదో రోజు దాటాక పసివాడు రోజుకు కనీసం ఆరుసార్లైనా తడిపితేనే తల్లిపాలు సరిపోతున్నాయని లెక్క. గోచీ అయితే తడిసిన ప్రతిసారీ చేతికి తెలుస్తుంది. డైపరులో ఉండే రసాయనపు పొడి తడిని పీల్చి జిగురుముద్దగా పట్టేస్తుంది కాబట్టి రెండుసార్లు పోశాడో మూడుసార్లు పోశాడో తెలియదు. తడిస్తే రంగు మారే గీత కూడా తడిసిందని చెబుతుందే తప్ప ఎన్నిసార్లో చెప్పదు.

తర్వాత జులై వచ్చింది. నెల్లూరు ఎండలో గంటలో పెళపెళలాడే గుడ్డ బెంగళూరు ముసురులో మర్నాటికీ చెమ్మగానే ఉంటుంది. బాల్కనీ కమ్మీల మీద బట్టలు ఆరేయకూడదని మా అపార్టుమెంటువాళ్ళ నిబంధన. గదిలో దండెం కట్టి, ఫ్యాను కింద ఆరబెట్టి, మిగిలిన తడి ఇస్త్రీపెట్టెతో లాగినా వాసన పోలేదు. వియ్యపురాలు ఏమీ అనలేదు. ప్యాకెట్లను అలమరలో కాస్త ముందుకు జరిపారంతే. చివరికి తీర్పు చెప్పింది మా కోడలు. "మామయ్యగారూ, పగలు మీ ఇష్టం. రాత్రి లేచేది నేను కాబట్టి రాత్రి సంగతి నేను చెబుతాను." పగలు గోచీ, రాత్రికీ ప్రయాణానికీ డైపరు. ఇంతకంటే న్యాయమైన ఒడంబడిక నా ఉద్యోగ జీవితంలో చూడలేదు.

ఇక నా శాఖలో నేర్చిన పాఠాలు. డైపరు కొనేటప్పుడు నెలలు చూడొద్దు, కిలోలు చూడండి. మన దుకాణాల్లో దొరికేవాటిలో అన్నిటికంటే చిన్నది సుమారు 5 కిలోల లోపు పిల్లలకు, ఆ పైది 4 నుంచి 8, మధ్యరకం 7 నుంచి 12, పెద్దది 9 నుంచి 14 కిలోలకు. ఈ అంకెలు ఒకదాని మీదికి ఇంకోటి ఎందుకు ఎక్కాయంటే, ఒకే బరువున్న ఇద్దరు పిల్లల తొడలు ఒకలా ఉండవు గనుక. పుట్టినప్పటి బరువు అయిదు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అవుతుంది. అందుకే ఆఫరు ఉందని చిన్న సైజు ప్యాకెట్లు పేర్చుకోవడం దండగ. వియ్యపురాలు తెచ్చిన రెండో ప్యాకెట్టు సగం పక్కింటి పసివాడికి పోయింది. తొడల మీద, నడుము మీద ఎర్రటి గీతలు పడుతున్నా, అంటింపు పట్టీలు బొడ్డు కిందికి అందకపోయినా, పొద్దున్నే వీపు దాకా తడిసినా పై సైజుకు వెళ్ళాలని అర్థం. బొడ్డు ఊడేదాకా ముందు అంచును కిందికి మడవాలి. పాకడం మొదలయ్యాక పడుకోబెట్టి పట్టీలు అంటించడం దేవుడికి కూడా సాధ్యం కాదు, అప్పుడు లాగూ రకమే మేలు. ఏ రకమైనా తొడ దగ్గరి కుచ్చు లోపలికి మడతపడితే కారుతుంది. ఆ రోజు పాపకు జరిగింది బహుశా ఇదే. వేలితో ఒకసారి బయటికి లాగితే పోయేదానికి మైకు అవసరమా?

మలం తగిలితే ఏ డైపరైనా వెంటనే మార్చాల్సిందే, లేకపోతే పగలు రెండు మూడు గంటలకోసారి. ఒంటికి కాసేపు గాలి తగలనివ్వాలి. ఎర్రబడితే జింకు ఆక్సైడ్ పూత రాస్తారు, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పౌడరు దులపడం మాత్రం మానండి. అది పసివాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాత పద్ధతి మీద నాకు మమకారం లేకపోలేదు. కాళ్ళ మీద కూర్చోబెట్టుకొని "ఉస్స్" అంటే వేళకు పోసిన పిల్లల్ని నేను చూశాను. కానీ "మా రోజుల్లో" అనే మగవాళ్ళలో ఆ గుడ్డలు ఉతికినవాడు ఎవరో చెప్పమనండి. మా ఇంట్లో బావి దగ్గర చలిలో నానమ్మ ఉతికేది, ఆవిడకు చేతకానప్పుడు చాకలమ్మ ఉతికేది. ఇద్దరినీ ఎవరూ సంప్రదాయ పరిరక్షకులని పిలవలేదు, శాలువా కప్పలేదు.

పర్యావరణం పేరు చెప్పి తల్లిని నిలదీసేవాళ్ళకు ఒక మాట. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వేసిన లెక్కలో, ఒక బిడ్డకు రెండున్నరేళ్ళకు పారేసే డైపర్ల కర్బన భారం (అంటే భూమిని వేడెక్కించే వాయువుల లెక్క) సుమారు 550 కిలోలు, ఉతికి వాడే గుడ్డలది 570. దాదాపు సమానం. మిషను నిండుగా ఉతికి, దండెం మీద ఆరేసి, రెండో బిడ్డకూ అవే వాడితే గుడ్డల భారం 40 శాతం దాకా తగ్గుతుందని కూడా అందులో ఉంది. అంటే గుణమంతా దండెంలో ఉంది. ఆ దండేన్నే మన అపార్టుమెంటు కమిటీలు నిషేధించాయి, వాటిలో మన సభ్యులు చాలామందే ఉన్నారు.

పారేయడం ఇంకో కథ. వాడిన డైపరును చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి, చుట్టడానికి కవరు ఇవ్వాల్సిన బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. మన నగరంలో అయితే కాగితంలో చుట్టి, ఎర్ర గుర్తు వేసి, విడిగా ఇవ్వమంటారు. చాలా ఇళ్ళలో విప్పినది విప్పినట్టే తడిచెత్తలో పడుతోంది. దాన్ని చేత్తో వేరుచేసే బెంగళూరు పౌరకార్మికుల్లో, అంటే పారిశుద్ధ్య సిబ్బందిలో, ఎంతోమంది తెలుగు మాట్లాడేవాళ్ళే, తరాల కిందట ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్ళే. ప్రవాసాంధ్రుల ఐక్యత గురించి వేదిక మీద మనం చాలా చెబుతాం. వాళ్ళు మన సభ్యత్వ జాబితాలో లేరు.

కమిటీకి నా విన్నపం ఇది. ఉగాదికి హాలు మాట్లాడేటప్పుడే పక్క గది తాళం అడగండి. అందులో ఒక బల్ల, మెత్తటి బొంత, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, మూత ఉన్న బుట్ట, పాత పేపర్లు, ఒక ఎర్ర పెన్ను ఉంచండి. మధ్యరకం, పెద్దరకం డైపర్లు నాలుగేసి, ఉతికిన నూలు గుడ్డలు కొన్ని పెట్టండి, ఎవరికి ఏది కావాలో వాళ్ళే తీసుకుంటారు. తండ్రులు కూడా లోపలికి వెళ్ళగలిగేలా చూడండి. అతిథులకు కప్పే శాలువాల్లో రెండు తగ్గిస్తే ఖర్చు గట్టెక్కుతుంది. కార్యక్రమ పత్రం అచ్చుకు వెళ్ళే లోపు ఆ గది ఎటువైపో ఒక వాక్యం వేయించండి, ఆ తల్లికి ఫోన్ చేసి మీరే పిలవండి. బల్లకు వెతకనక్కరలేదు. మా ఇంట్లో మడత బల్ల ఉంది, ఆటోలో పడుతుంది.