అప్పట్లో ఊళ్లో ఎవరూ కదిలేవారు కారు

పాత ఛాయాచిత్రాలను నిష్పక్షపాతంగా పరిశీలించిన మీదట, పల్లెటూళ్లలో మన పూర్వీకులు మనకంటే అన్ని విధాలా ఉత్తములన్న నిర్ణయానికి వచ్చాను. నూట యాభై ఏళ్ల కిందటి ఫొటోను ఎడమవైపు, నిన్న తీసినదాన్ని కుడివైపు పెట్టి చూడండి. ఎడమవైపు ఊరి నడిబొడ్డున విశాలమైన వీధి, ఒక చెట్టు, దాని కింద ఇద్దరు పెద్దమనుషులు, అంతులేని ప్రశాంతత. కుడివైపు అదే చోట వాహనాలు, బోర్డులు, లెక్కకందని తీగలు, వాటన్నిటి వెనక ఎక్కడో అదే చెట్టు మొదలు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కెమెరాతో తీసిన దృశ్యాల్లో నేటికీ మిగిలినవాటిలో అతి పాతది పల్లెటూరిదే. 1826-27 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని సాం-లూ-ద-వరెన్ గ్రామంలో నిసెఫోర్ నియెప్స్ తన మేడమీది కిటికీలోంచి తీశాడు. అందులో ఎండ కట్టడాలకు రెండు వైపులా పడి ఉంటుంది. అంటే ఆ రోజుల్లో సూర్యుడు సైతం పక్షపాతం ఎరుగడు. పలక మీద బొమ్మ పడటానికి గంటలకు గంటలు పట్టిందనీ, ఈలోగా సూర్యుడు ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లిపోయాడనీ కొందరు వివరణ ఇస్తారు. అలాంటివారితో వాదన అనవసరం. సుమారు పన్నెండేళ్ల తర్వాత, 1838లో, లూయీ దగేర్ పారిస్‌లో ఎప్పుడూ రద్దీగా ఉండే ఒక వీధిని తీస్తే బళ్లూ జనమూ మాయమై, బూటు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడిన ఒక మనిషి మాత్రం దక్కాడు. మహానగరమే అంత నిర్మానుష్యంగా ఉంటే పల్లె సంగతి చెప్పాలా?

మన ఎడమవైపు ఫొటోకే వద్దాం. ఇది తడి కొలోడియన్ అనే జిగురులాంటి ద్రవం పూసిన గాజు పలక మీద, కొన్ని క్షణాలపాటు మూత తెరిచి ఉంచి తీసింది. ఇద్దరు పెద్దమనుషుల చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు. బావి దగ్గర మాత్రం ఒక పొగమరక ఉంది. భూతద్దం పెట్టి చూస్తే దాని చేతిలో బిందె ఆకారం తేలుతుంది. నీళ్లు తోడేవారికి ఆ కొన్ని క్షణాలైనా ఆగే తీరిక లేకపోయింది కాబోలు, చరిత్రలో మొహం దక్కలేదు. దీన్నిబట్టి ఆనాటి ఊళ్లో ఖాళీగా కూర్చున్నవారే నివాసులనీ, పనిచేసేవారంతా ఆవిరి రూపంలో తిరిగేవారనీ స్పష్టమవుతోంది. ఆ పలకలకు నీలం రంగు మరీ తొందరగా అంటడం వల్ల ఆకాశమంతా తెల్లగా, మబ్బు తునక లేకుండా వచ్చింది. వానలు ఎలా పడేవో తెలియదు గానీ, వీధిలో బురద లేకపోవడానికి కారణం తెలిసింది. ఇక పశువులు తిరిగే వీధిలో పేడ, ఈగలు, వాసన ఉండి ఉంటాయని అనుమానించేవారు వాటిలో ఏ ఒక్కదాన్నయినా ఫొటోలో చూపించాలి. (తర్వాతి కాలపు పోస్టుకార్డుల్లో అడ్డొచ్చిన స్తంభాలనూ తీగలనూ గీకి తీసేయడం ఉండేదట. అది శుభ్రత కిందికి వస్తుంది.)

కనుక ఊరి నడిబొడ్డుకు పూర్వవైభవం తేవడం ఎలాగో ఒక ప్రణాళిక సిద్ధం చేశాను. ఖర్చు లేదు, కూల్చివేతలు లేవు. సూర్యోదయం మొదలు సూర్యాస్తమయం దాకా గ్రామస్థులు ఎక్కడివారక్కడ కదలకుండా నిలబడాలి. గుండీలు ఉన్నవారు చెట్టు కింద కుర్చీల్లో కూర్చోవచ్చు. నీళ్లు, కట్టెలు, మూటలు మోసేవారు యథాప్రకారం పని చేసుకోవచ్చు గానీ, ఎవరికీ కనిపించకూడదు. పెద్దమనుషుల కాళ్ల దగ్గర పడుకున్న కుక్కకు మాత్రం ప్రత్యేక మినహాయింపు ఇచ్చాను. ఎడమవైపు ఫొటోలో దాని ఒళ్లంతా చక్కగా వచ్చింది, తోక ఒక్కటే విసనకర్రలా పరుచుకుని ఉంది.